కొర్రమీను గాలం

సికింద్రాబాద్‌కు ఉత్తరాన షామీర్‌పేట చెరువు గట్టున గాలం పట్టుకుని కూర్చునేవాళ్లంటే నాకు గౌరవం. వాళ్ల చూపంతా నీటి పైభాగం మీదే. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి రాక తప్పదు. వచ్చిన చోట ఓ బుడగ, చిన్న సుడి. దానికి బారెడు అవతల ఎర వేసి, తామరాకుల అంచు వెంట కప్ప ఈదినట్టు మెల్లగా లాగుతారు. చేప అందుకోగానే కొత్తవాళ్లు గుంజేస్తారు, గాలం ఖాళీగా వచ్చేస్తుంది. చేయి తిరిగినవాడు దారం కాస్త వదులుతాడు. ఎర పూర్తిగా నోట్లోకి పోయాకే ఒక్క గుంజు. ఆ నాలుగు క్షణాల నిబ్బరమే అసలు పనితనం, అది అంత తేలిగ్గా అబ్బదు.

రవ్వ, బొచ్చెలకైతే పిండిముద్ద, నీటి మీద తేలే బెండు చాలు.

కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపును పెద్ద చేపలు కాపలా కాస్తాయి. ఆ గుంపు కనబడితే గాలం వేయకండి, పెద్దది పోతే పిల్లలు వేరే చేపల పాలవుతాయి. చెరువు మీద హక్కు మత్స్య సహకార సంఘానిదైతే ముందు వాళ్లను అడగండి.