నీటిగుంటలన్నీ కోటలే

సెలవులకి వచ్చిన మా అక్క మనవడు ఈ వారం తిరుత్తణిలో మా వరండాలో స్నేహితుల్ని కూర్చోబెట్టి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడించాడు. పాత్రలు అడవిలో అడుగు పెట్టాయో లేదో పాచిక దొర్లింది, తోడేళ్లు మీద పడ్డాయి. కాస్త ముందుకు పోతే రాక్షసులు. ఆ అడవిలో ఒక్క చెట్టుకూ పేరు లేదు. నాకు కష్టమనిపించింది.

1972లో అవలాన్ హిల్ కంపెనీ ‘అవుట్‌డోర్ సర్వైవల్’ అనే ఆట తెచ్చింది. అందులో పీడించేవి ఆకలీ దాహమూ. దారి తప్పినవాడు నీటిగుంట చేరితే గండం గడిచినట్టు. 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ తయారుచేసిన గైగాక్స్, ఆర్నెసన్ తమ ఆటలో ఆరుబయట తిరగడానికి ఆ పటాన్నే వాడుకోమన్నారు. నీటిగుంటలన్నీ కోటలుగా లెక్కపెట్టుకోమన్నారు! చెరువులు ప్లాట్లవుతుంటే చూస్తున్న తిరువళ్లూరు జిల్లావాడికి ఆ మాట గుచ్చుకోదా?

మన పులిమేక ఆట చూపిద్దామని సుద్దముక్క తీశాను. మా నాయనమ్మ అరుగు మీదే గీసేది. మూడు పులులకి గులకరాళ్లు, పదిహేను మేకలకి చింతగింజలు. మేకలన్నీ దిగేదాకా ఒక్కటీ కదలకూడదు. అవతల ఖాళీ ఉంటే పులి దూకి మేకను తినేస్తుంది. అందుకని వెనక తోడు లేకుండా ఆమె మేకను దింపేది కాదు. నేను తొందరపడితే చెయ్యి పట్టుకుని ఆపేది. 1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయాక కూడా మేకల్ని తెలుగులోనే లెక్కపెట్టేది.

తీరా గీసి చూస్తే మన పటంలోనూ చెట్టు లేదు, నీళ్లు లేవు, మేకకి గడ్డి లేదు. పులులకి కదిలే చోటు లేకుండా చేస్తేనే మేకల గెలుపు. ఈ కొండల్లో పులికి జరిగిందీ అదే. ఆ గీతల మధ్య చెరువు పెట్టాలంటే ఆటే మారిపోవాలి.

పిల్లవాడి ఆటకి ఆ ఇబ్బంది లేదు. “ఆ కోట ఉన్నచోట చెరువుంటే?” అన్నాను. “ఉంది తాతా, ఇప్పుడే పెట్టేశా” అన్నాడు. నియమాల పుస్తకం తీసేసిన నీటిని ఆడించేవాడు ఒక్క మాటతో తిరిగి తెచ్చుకోవచ్చు. నాయనమ్మ ఆటలో నాకు ఆ వీలు ఎప్పుడూ దొరకలేదు.

తర్వాత పాత్రలు ఎండిన కుశస్థలి నది ఇసుకలో పూండి జలాశయం దాకా నడిచాయి. 1944లో కట్టిన ఆ జలాశయానికి 1996 నుంచి కృష్ణా నీళ్లు వస్తున్నాయని చెబితే, డ్రాగన్‌ని ఆ నీళ్లు తెచ్చే కాలువ మొదట్లో కూర్చోబెట్టారు. చెరువుకి తూము ఎక్కడ, అలుగు ఏవైపు, ముందు ఎవరి మడికి నీళ్లు అని వాదన మొదలైంది. అన్నాలవేళ దాటినా తెగలేదు. డ్రాగన్ సంగతి ఎవరూ ఎత్తలేదు.