తీరికా, నీకు దండం

ఏడున్నరకి పసుపు వ్యాన్లు వరసగా హారన్లు కొట్టి, లేసులు కట్టుకోని బూట్లనీ, సగం తిన్న ఇడ్లీలనీ, నిద్ర తీరని కళ్ళనీ ఎక్కించుకుని వీధి మలుపు తిరిగాక, ఆ దుమ్ము కాస్త అణిగాక, నువ్వు మా గుమ్మంలోకి వస్తావు. తీరికా, నీకు దండం.

నిన్ను కొలిచినవాళ్ళు తక్కువ. సరస్వతికి వసంత పంచమి ఉంది. గురువుకి పౌర్ణమి ఉంది. పలకా బలపాలకి కూడా దసరాల్లో ఒక పీటా, కాసిని పూలూ దొరుకుతాయి. నీకు తిథి లేదు, నైవేద్యం లేదు. పైగా నువ్వు ఎవరింట్లోనైనా కనిపిస్తే పనీపాటా లేదా అని ఆ ఇంటివాళ్ళని ఆడిపోసుకుంటారు. అయినా నువ్వు అలగవు. పెద్దాడికి ఏడేళ్ళు, చిన్నదానికి నాలుగు. వాళ్ళిద్దరికీ ఇంట్లోనే చదువు చెప్పేస్తున్నానని రాజమండ్రిలో మా చుట్టాలంతా చెప్పుకుంటారు. చాలావరకు చెప్పేది నువ్వు. నేను పిలిస్తే పలికేంత దూరంలో బట్టలు మడతపెట్టుకుంటూ ఉంటాను.

ఆరుద్ర కార్తెలో నువ్వు ఎంత అందంగా ఉంటావని! జూన్ నెలాఖరు. బళ్ళు అప్పుడే తెరిచి ఉంటాయి, అట్టలు వేసిన కొత్త పుస్తకాల వాసన ప్రతి ఇంట్లోనూ. తొలివానకి తడిసిన ఇసుకలో ఎర్ర మఖమల్ చుక్క ఒకటి కదిలింది. ఆరుద్ర పురుగు. పెద్దాడు దాన్ని అరచేతిలోకి ఎక్కించుకోగానే కాళ్ళన్నీ లోపలికి లాక్కుని బొట్టుబిళ్ళలా ఉండిపోయింది. నువ్వు లేని ఇంట్లో అయితే కథ అక్కడితో సరి. చూశావుగా, ఇక పద, టైమవుతోంది. నువ్వున్నావు కనక వాడు అరచెయ్యి కదపకుండా గొంతుక్కూర్చున్నాడు, అది మళ్ళీ కాళ్ళు చాపేదాకా. చాపాక లెక్కపెట్టబోతే నడిచిపోయింది. పట్టుకుని మళ్ళీ మొదలుపెడితే చిన్నది ఉఫ్‌మని ఊదింది. ఆఖరికి లెక్క తేలింది, ఎనిమిది. వాడు నా దగ్గరికి వచ్చి గుట్టు చెప్పినట్టు, “అమ్మా, చీమకి ఆరే కదా. దీనికి ఎనిమిది. ఇది పురుగు కాదు, సాలీడుకి చుట్టం” అన్నాడు.

నిజంగా చుట్టమే. రెండూ ఒక వంశమే. ఆ మాట నేను చెప్పలేదు, ఏ పుస్తకమూ చెప్పలేదు.

శ్రావణం వస్తే నువ్వు మమ్మల్ని గోదావరి గట్టుకి నడిపిస్తావు. నీళ్ళు ఎర్రబారి, సుడులు తిరుగుతూ, ఎక్కడివో కొమ్మల్నీ గడ్డి దుబ్బుల్నీ మోసుకొస్తూ ఉంటాయి. పేపర్లో ధవళేశ్వరం దగ్గరి నీటిమట్టం వేస్తారు. 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. చుక్క తర్వాత అంకెలంటే ఏమిటో వాడి ఈడు పిల్లలకి ఇంకా రెండు మూడేళ్ళ దాకా పాఠం రాదు. కానీ నది అప్పటిదాకా ఆగదు కదా. “చుక్క డెబ్భై అయిదు అంటే ఎంతమ్మా?” ముప్పావు. ముప్పావు అడుగంటే తొమ్మిది అంగుళాలు. టేపు తెచ్చి వాకిట్లోంచి గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసుకుంటూ పోయాం. పదకొండు ముప్పావుకి మేడ మీదికి ఎక్కాల్సి వచ్చింది. పదమూడు ముప్పావు దగ్గర పిట్టగోడ తగిలింది. పదిహేడు ముప్పావుకి ఇల్లు చాల్లేదు. పిల్లలిద్దరూ నోళ్ళు తెరుచుకుని ఆకాశం కేసి చూశారు. ఆ అడుగులు ఆనకట్ట దగ్గర కొలిచేవే గానీ మన వాకిట్లోంచి కాదని నేను నచ్చజెప్పేలోపల చిన్నది బొమ్మలన్నిటినీ అటకెక్కించమని ఏడుపు లంకించుకుంది.

తీరికా, వంటింట్లోనూ నీకు దండం. గిద్దలు నాలుగైతే సోల, సోలలు రెండైతే తవ్వ అంటూ మా అత్తయ్యగారి పాత కొలపాత్రల్లో బియ్యంతో పాటు భిన్నాలు కొలిచిపెట్టినదానివి నువ్వే. అష్టాచమ్మా ఆడేటప్పుడు నాలుగు గవ్వలూ బోర్లాపడితే ఎనిమిది, వెల్లకిలాపడితే నాలుగు అని చిన్నదానికి కూడికలు అంటించినదానివీ నువ్వే. వీటికంటే ఆ దిష్టినీళ్ళ పూట నాకెక్కువ ఇష్టం. పిల్లలకి దిష్టి తీద్దామని అత్తయ్యగారు పళ్ళెంలో పసుపు నీళ్ళు కలిపి చిటికెడు సున్నం వేశారు. నీళ్ళు గభాలున ఎర్రబడ్డాయి. చిన్నది వెనక్కి జరిగి, “నాయనమ్మా, నెత్తురా?” అంది. “కాదే తల్లీ, దిష్టి” అన్నారావిడ. పెద్దాడికి ఆ జవాబు ఆనలేదు. దిష్టి తీయకముందే ఎర్రబడ్డాయి కదా అని వాడి అనుమానం. నిమ్మచెక్క పిండాడు. నీళ్ళు మళ్ళీ పసుపు. సున్నం వేశాడు. మళ్ళీ ఎరుపు. అత్తయ్యగారు నవ్వుకుంటూ పళ్ళెం వాళ్ళకే వదిలేసి టీవీ ముందుకి వెళ్ళిపోయారు. మజ్జిగ, వంటసోడా, సబ్బునీళ్ళు, చింతపండు పులుసు వరసగా వంటింటి గట్టు మీద గిన్నెల్లోకి ఎక్కాయి. తెల్లచొక్కా మీద పడ్డ సాంబారు మరక సబ్బు తగలగానే ఎందుకు ఎర్రబడుతుందో, ఇన్నేళ్ళుగా ఉతుకుతున్న నాకు ఆ పూటే తెలిసింది.

నిన్ను నాకంటే ముందు గుర్తుపట్టినవాళ్ళు ఉన్నారు. రోములో ఒక చిన్న పిల్ల చెక్క గూటాల్ని వాటి గుంటల్లో అమరుస్తూ, తీస్తూ, మళ్ళీ అమరుస్తూ ఉంటే మాంటిస్సోరి దూరంగా నిలబడి చూసింది. చుట్టూ పిల్లల చేత పాటలు పాడించింది. ఆ పిల్లని కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టింది. పిల్ల ఒళ్ళో గూటాలు జారిపోకుండా పట్టుకుని పని సాగించిందే తప్ప తలెత్తలేదు. గిజుభాయి బధేకా వకీలు. కొడుకు పుట్టాక వాడి చదువెలాగా అన్న ఆలోచనలో పడి వకాలతు వదిలేసి, 1920లో భావనగర్‌లో పసిపిల్లల కోసం బాలమందిరం పెట్టాడు. ఆయన రాసిన ‘దివాస్వప్న’లో మాస్టారు తొలిసారి క్లాసులోకి వెళ్ళి పిల్లల చేత నిశ్శబ్దం పాటింపజేయబోయి అల్లరిపాలవుతాడు. కథలు మొదలుపెట్టాకే పిల్లలు ఆయన వైపు తిరుగుతారు. అది చదివి నేను పడీపడీ నవ్వాను. నిశ్శబ్దంతో నిన్ను రప్పించొచ్చని అనుకునేవాళ్ళు ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒక్క పూట ఉండి చూడాలి. నువ్వు వచ్చావంటే చెవులు చిల్లులు పడతాయి.

పదకొండు దాటితే పెద్దాడు ఏమీ తోచట్లేదని గోడకి కాళ్ళు ఆనించి నేల మీద పడుకుంటాడు. అరగంట అలాగే. నాకు రోజు మొత్తం మీద ఎక్కువ కష్టం ఆ అరగంటే. నాలిక చివర వంద పనులు సిద్ధంగా ఉంటాయి, బొమ్మలు గీయరాదూ, గుణింతం రాయరాదూ అని. నోరు మూసుకోవడం నేను కొత్తగా నేర్చుకుంటున్న విద్య. ఒకరోజు అలా పడుకున్నవాడు లేచి పెరట్లోకి పోయి, కుళాయి నీళ్ళు పారే కాలవకి అట్టముక్కలతో లాకులు కట్టాడు. అట్ట నాని కూలిపోయింది. కొబ్బరిచిప్ప పెడితే పక్కలనుంచి నీళ్ళు కారాయి. పగిలిన టైలుముక్క నిలబెట్టి సందుల్లో తడిమట్టి కూరాడు. నీళ్ళు ఎగువన నిండాయి, కాగితప్పడవ పైకి లేచింది. ధవళేశ్వరంలో వాడు లాకులు చూసి నెలలైంది. అన్నాళ్ళూ అది వాడి లోపల ఎక్కడుందో నాకు తెలియదు. నేలకి వీపు ఆనించి పడుకున్న ఆ అరగంటలో పైకి తేలిందనుకుంటాను.

నీకు పోటీ బళ్ళు కావు, నా భయం. రాత్రి పదకొండు దాటాక అది లేస్తుంది. పక్కింటి పాప పదమూడో ఎక్కం గడగడా చెప్తోందని గుర్తుచేసి ఫోన్లో వర్క్‌షీట్లు వెతికిస్తుంది. పెళ్ళిళ్ళలో భోజనాల బల్ల దగ్గర ఏ స్కూలమ్మా అని పక్కవాళ్ళ చేత అడిగిస్తుంది. చిన్నది తొణక్కుండా, “మా స్కూల్లో మా అమ్మే వంట కూడా చేస్తుంది” అంటుంది, నేను ఆవకాయ కేసి చూస్తూ ఉండగా.

నిన్ను పొగిడేటప్పుడు గొంతు కాస్త తగ్గించాలి కూడా. నువ్వు మా ఇంటికి ఊరికే రాలేదు. మావారి జీతం మీద వచ్చావు, అత్తయ్యగారి చేతిసాయం మీద వచ్చావు. తెల్లారకుండానే నాట్లకి పోయే తల్లి ఇంటికి నువ్వు రావు. ఆ ఇంటి ఆడపిల్లకి చెల్లిని ఎత్తుకునే పనీ, గిన్నెలు తోమే పనీ తప్పే కాసిని గంటలు బడిలోనే ఉన్నాయి. మధ్యాహ్నం వేడన్నమూ అక్కడే. నువ్వు ఆ పిల్లకి దొరికేది బడి గంట మోగాకే. బడి వద్దనుకోవడం వేరు, బడి అందకపోవడం వేరు. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకి బడిని హక్కు చేసింది. ఇంట్లో చదివే మా లాంటి వాళ్ళ ఊసు అందులో విడిగా లేకపోయినా, ఆ పిల్ల కోసమైనా ఆ చట్టానికో దండం. మా వాళ్ళకి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉంది. మూడు, అయిదు, ఎనిమిది తరగతులకి సమానంగా మూడు మెట్లు పెట్టింది. పద్నాలుగు నిండాక పదో తరగతి పరీక్షకి కట్టొచ్చు. ఆ కాగితాల సంగతి నేను చూసుకుంటాను, నువ్వు బెంగపెట్టుకోకు.

స్తోత్రం చివర ఫలశ్రుతి ఉండాలంటారు. నిన్ను రోజూ మూడుపూటలా తలిస్తే ఫలానా ర్యాంకు వస్తుందని రాయడం నా వల్ల కాదు. వరం మాత్రం ఒకటి అడుగుతాను. రోజూ రా గానీ, ఈ ఆదివారం కాస్త ఆలస్యంగా రా. మా నాన్నగారు వస్తున్నారు. రిటైరైన లెక్కల మాస్టారు, మనవణ్ణి అరుగు మీద ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎక్కాలు అప్పజెప్పించుకోకపోతే ఆయనకి కాఫీ దిగదు. వాడికీ ఆ కార్యక్రమం ఇష్టమే. తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా తాతయ్య జేబులోంచి పప్పుచెక్క ముక్కొకటి బయటికి వస్తుంది. పన్నెండున్నరకల్లా ఆయనకి భోజనం పెట్టి పక్క వేస్తాను. అప్పుడు రా, పెరటివైపు తలుపు తీసే ఉంటుంది.