మోకాలు వంగినా మళ్లీ బిగిసే బట్ట

ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్‌లలో తయారయ్యే పాటల్లో హీరో జీన్స్ వేసుకుని నేలకు వాలి లేస్తుంటే మనం డాన్స్ మాస్టర్‌ని మెచ్చుకుంటాం. ఆ మెప్పులో నూలు వడికినవారికీ, కాస్ట్యూమ్ దర్జీకీ వాటా ఉంది. 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ రూపొందించిన స్పాండెక్స్ అనే సాగే పోగుని లాగిపట్టి, చుట్టూ పత్తి చుడితే సాగే నూలు వస్తుంది. మామూలుగా దాన్ని అడ్డం పోగులైన పేకలోనే వాడతారు. నీలిరంగు పడేది నిలువు పోగులైన పడుగుకి. అందుకే ఈ జీన్స్ పైకి పాత జీన్స్‌లాగే కనిపిస్తుంది. అయితే అది సాగేది అడ్డంగానే. కాళ్లు బార్లా చాపే స్టెప్పుంటే తొడల మధ్య అదనపు ముక్క వేసి కుట్టే దర్జీ తెలివే కాపాడాలి.

స్పాండెక్స్ ఇంకాస్త కలిపితే చాలదా అంటారు. చాలదు. సాగడం వేరు, సాగింది వెనక్కి రావడం వేరు. పడుగు పోగులు మరీ దగ్గరైతే పేక ముడుచుకోవడానికి చోటుండదు, బట్ట సాగదు. మరీ వదులైతే పొద్దున బిగువుగా ఉన్న మోకాలు సాయంత్రానికి సంచిలా ఉబ్బి షాట్ల మధ్య కంటిన్యుటీని చెడగొడుతుంది. అందుకే కొన్ని మిల్లులు అదే నూలు లోపల పాలిస్టర్ పోగునూ పెడతాయి. బట్ట తిరిగి బిగిసేలా చూసేది అదీను. అచ్చమైన పత్తి డెనిమే మన్నుతుందనే మాటా నిజమే, ఫైటర్ దొర్లే సీనుకి నా ఓటూ దానికే. ఒకే చరణానికి రోజంతా దూకేవారికి మాత్రం కాదు. దుస్తులు చూసుకునేవారికి ఒక మనవి: వేడి, క్లోరిన్ బ్లీచ్ స్పాండెక్స్‌ని పాడుచేస్తాయి. చన్నీళ్లలో ఉతికి నీడన ఆరేయండి.