చీకట్లో చేయి వెతికే చోటు

తలుపు తీసి గదిలో అడుగుపెట్టిన మనిషి, కళ్లకు ఇంకా ఏమీ కనబడకముందే గోడ మీద చేయి వేస్తాడు. ఆ చేయి పడ్డచోటే లైటు స్విచ్ ఉండాలి. ఇంత చిన్న నియమం మన ఇళ్లలో ఎన్నిచోట్ల తప్పుతోందో చూడండి. తలుపు బార్లా తీస్తే రెక్క వెనక్కి పోయే బోర్డు, బీరువా పక్క సందులో చేయి దూరిస్తే తప్ప అందని స్విచ్, మెట్ల పై కొసన మాత్రమే ఉండి కింది నుంచి ఎక్కేవాళ్లకు అక్కరకు రానిది, పడుకున్నాక మళ్లీ లేచి ఎదురుగోడ దాకా వెళ్లి ఆర్పాల్సినది. వీటిలో ఒకటైనా లేని ఇల్లు అరుదు. అయినా "అలవాటైపోతుందిలే" అని ఏళ్ల తరబడి వదిలేస్తాం. అలా వదిలేయకూడదని, గోడలకు కొత్త రంగు వేయించడం కంటే ముందు చేయించాల్సిన పని ఇదని నా వాదన.

ఈ తప్పుకు మూలం ఇల్లు కట్టే వరసలోనే ఉంది. శ్లాబు పోయకముందే సెంట్రింగ్ మీద కరెంటు పైపులు పరుస్తారు. గోడలు లేచాక, ప్లాస్టరింగ్‌కు ముందు గాడి కొట్టి పైపు దించి బోర్డు పెట్టె బిగిస్తారు. ద్వారబంధం అప్పటికే నిలబెట్టి ఉన్నా రెక్క బిగించేది నెలల తర్వాత. వడ్రంగి బందులు ఏ వైపు వేస్తే తలుపు అటు తిరుగుతుంది. ఆ సంగతి పెట్టె బిగించిన రోజున ఎవరూ అడిగి ఉండరు. గృహప్రవేశం అయ్యాక వార్డ్‌రోబ్ వస్తుంది, మంచం వస్తుంది, ఫ్రిజ్ వస్తుంది. స్విచ్ చోటు ఖాయమైన నాటికి ఆ గదిలో మనిషీ లేడు, మంచమూ లేదు. అందుకే దాన్ని ఇప్పుడు జరపడమంటే కట్టినవాళ్ల నిర్ణయాన్ని తిరగదోడడం అనుకోనక్కర్లేదు. అసలు ఎవరూ ఆలోచించి తీసుకోని నిర్ణయాన్ని, ఇంట్లో ఉంటున్నవాళ్లు మొదటిసారి తీసుకోవడం.

అలవాటు మాటకు జవాబు చెప్పాలి. అలవాటయ్యేది ఎవరికి? ఒంట్లో శక్తి, కంటి చూపు బాగున్నవాళ్లకు, రోజూ అదే గదిలో తిరిగేవాళ్లకు. పండక్కి వచ్చిన చుట్టానికి కాదు, అర్ధరాత్రి బాత్‌రూమ్‌కు లేచే డెబ్బై ఏళ్ల అమ్మకు అంతకన్నా కాదు. కిందపడడం వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది చనిపోతున్నారని, వాళ్లలో అరవై దాటినవాళ్లే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అవన్నీ స్విచ్‌ల వల్ల జరిగినవని అనడం లేదు. కానీ చీకట్లో నాలుగడుగులు వేసి వెళితేగాని వెలగని లైటు, ఆ నాలుగడుగులకూ ఎందుకూ కొరగానిదే కదా. ఎత్తు సంగతీ ఇలాంటిదే. కొత్త ఇళ్లలో స్విచ్‌లు నేల నుంచి 450 నుంచి 1,200 మిల్లీమీటర్ల మధ్య ఉండాలని ఇంగ్లండ్ భవన నిబంధనల మార్గదర్శకం చెబుతుంది. అమెరికాలో వికలాంగుల సౌకర్య ప్రమాణాల ప్రకారం అడ్డేమీ లేనిచోట చేతికందే ఎత్తుకు హద్దు 48 అంగుళాలు. మన ఇళ్లలో తరచూ కనిపించే నాలుగున్నర అడుగుల బోర్డు ఈ రెండు హద్దులకూ పైనే ఉంటుంది. చక్రాల కుర్చీలో కూర్చున్నవారూ, చిన్న పిల్లలూ ఆ ఇంట్లో లైటు కోసం ఇంకొకరిని పిలవాల్సి రావచ్చు.

గోడ పగలగొట్టడం దేనికి, స్మార్ట్ బల్బు పెట్టుకుంటే సరిపోదా అనేవారున్నారు. ఆ బల్బు ఫోనుకు పలకాలంటే గోడ స్విచ్ ఎప్పుడూ వేసే ఉండాలి. ఇంట్లో ఎవరో ఒకరు పాత అలవాటుతో దాన్ని ఆపగానే బల్బు మూగబోతుంది. అద్దె ఇళ్లకు మాత్రం, బ్యాటరీ అక్కర్లేని వైర్‌లెస్ స్విచ్ మంచి మార్గమే. హైదరాబాద్‌లో ఎన్నో ఎత్తయిన భవనాల్లో అల్యూమినియం అచ్చుల్లో గోడలకు గోడలే కాంక్రీటుతో పోస్తున్నారు, వాటికీ అదే దారి. అలాంటి గోడ భవనం బరువు మోస్తుంది. దాన్ని కోయకూడదు. స్తంభాన్నీ దూలాన్నీ అంతే.

ఇటుక గోడ ఉన్న సొంత ఇంట్లో పని తేలికే, అయితే జరపాలా జోడించాలా అన్నది ముందు తేల్చుకోవాలి. తలుపు చాటున పడ్డ స్విచ్‌ను గడియ వైపుకు జరపాలి. మెట్లకూ పడకగదికీ ఉన్నచోట ఒకటి ఉంచి, రెండిట్లో దేనితోనైనా లైటు వెలిగేలా, ఆరేలా చేసే టూ వే పద్ధతిలో రెండోది కలపాలి. జరపడానికి పాత పెట్టె నుంచి కొత్త పెట్టెకు రెండు వైర్లు చాలు, ఫేజు ఒకటి, లైటుకు వెళ్లేది ఒకటి. టూ వేకి మూడు కావాలి, ఎందుకంటే రెండు స్విచ్‌లనూ కలిపే జంట వైర్లతో పాటు లైటు వైరు పాత పెట్టె దాకా తిరిగి రావాలి. పాత పెట్టెను సిమెంటుతో పూడ్చేసి, అతుకులకు టేపు చుట్టి గోడలో పాతిపెట్టడం ఈ పనిలో అన్నిటికంటే పెద్ద అపచారం. అతుకు ఎప్పటికైనా వదులవుతుంది, వేడెక్కుతుంది, అప్పుడు అదెక్కడుందో ఎవరికీ తెలియదు. పాత పెట్టె అలాగే ఉండాలి, అతుకులు అందులో కనెక్టర్లతో ఉండాలి, మీద డమ్మీ ప్లేటు రావాలి. ఆ ప్లేటు గోడకు వికారమని ఒప్పుకోని ఇంటివారుంటారు. ఆ కాస్త వికారాన్ని భరించమనే చెబుతాను.

గాడి సంగతి మేస్త్రీలకు తెలుసు, తొందరలో మరచిపోతారు. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డగాడి ఆరో వంతు దాటకూడదని తాపీ పనిలో లెక్క. నాలుగున్నర అంగుళాల గోడకు ఆరో వంతంటే ముప్పావు అంగుళమే. అంత సన్నటి గోడను అడ్డంగా కోసి పైపు దాచడం కంటే, పాత పెట్టె నుంచి నిలువుగా పైకి తీసుకెళ్లి, పైకప్పు అంచున ప్లాస్టిక్ కేసింగ్‌లో నడిపి, కొత్త చోట మళ్లీ నిలువుగా దించడం మేలు. ఐమూలగా మాత్రం ఎన్నడూ కొట్టనివ్వకూడదు. రేపు పటం తగిలించడానికి మేకు కొట్టేవాడు, బోర్డుకు తిన్నగా పైనో కిందో వైరు ఉంటుందని ఊహిస్తాడు గానీ మూల నుంచి మూలకు పోతుందని అనుకోడు.

పాత స్విచ్ తీసి అదే చోట కొత్తది బిగించుకోవడం వేరు, చోటు మార్చడం వేరు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 45వది ఈ గీతను స్పష్టంగా గీసింది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ వంటివి ఉన్నవి ఉన్నట్టు మార్చుకోవచ్చు, వైరింగ్‌లో చేర్పులూ మార్పులూ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారానే జరగాలి. ఖర్చు పెరుగుతుందని ఈ గీత దాటేవాళ్లకు ఒక్క ఉదాహరణ చాలు. స్విచ్‌ను పొరపాటున ఫేజుకు కాక న్యూట్రల్‌కు కలిపినా లైటు చక్కగా వెలుగుతుంది, ఆరుతుంది, తేడా తెలియదు. కానీ స్విచ్ ఆపినా హోల్డరులో 230 వోల్టులు అలాగే ఉంటాయి. స్టూలెక్కి బల్బు మార్చేవాడికి అది తెలిసేది వేలు తగిలాకే. కాబట్టి పని ముగిశాక, స్విచ్ ఆపి ఉంచి హోల్డరు దగ్గర టెస్టరు పెట్టి చూపించమని ఎలక్ట్రీషియన్‌ను అడగాలి. గాడి పూడ్చకముందే గోడకు టేపు ఆనించి, నేల నుంచి ఎంత, గుమ్మం నుంచి ఎంత అన్నది కనబడేలా పైపు దారిని ఫోటో తీసి ఇంటి కాగితాలతో పాటు దాచుకోవాలి. లప్పం పెట్టి రంగు వేశాక ఆ దారిని చూపించగలిగేది అదొక్కటే.