పువ్వొత్తి

వీసా రావాలని చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసింది నేను కాదు, మా మనవరాలు. దానికి తొమ్మిదేళ్ళు. వేసవి సెలవుల్లో సియోల్‌లో ఉన్న మేనత్త, అంటే మా బిడ్డ దగ్గరికి పోవాలని ఒకటే పట్టు. వీసా వచ్చింది. మొక్కు ప్రకారం 108 బాకీ పడ్డాం. ఆ బాకీ సంగతి తర్వాత చెప్తాను.

నేను, మనవరాలు, మనవడు దిగిన వారంలోనే అక్కడ దీపాల పండుగ. యొందుంగ్‌హ్వే అంటారు. మనం వైశాఖ పౌర్ణమికి చేసుకునే బుద్ధ జయంతిని కొరియా వాళ్ళు తమ చాంద్రమాన లెక్కలో నాలుగో నెల ఎనిమిదో రోజున చేసుకుంటారు. దానికి ముందే ఒక శనివారం సాయంత్రం ఈ ఊరేగింపు. దీపాలు చూడటానికి అప్పటి సిల్లా రాజ్యపు రాజు గుడికి వెళ్ళాడని 866 నాటి ముచ్చట వాళ్ళ పాత చరిత్ర గ్రంథంలోనే ఉంది. యునెస్కో మాత్రం 2020లో గుర్తించింది. తూర్పు కోట వాకిలి నుంచి జోగ్యేసా గుడి దాకా కాగితపు ఏనుగులు, డ్రాగన్లు, చేతికో తామర దీపం పట్టుకున్న వేలమంది జనం. మనవడు నోరు తెరిచింది మళ్ళీ మూయలేదు. నాకు కాళ్ళు లాగాయి. నిజం చెప్పాలంటే, బోనాలూ గణేశ్ నిమజ్జనాలూ చూసిన కంటికి అంత వరుసగా నడిచే ఊరేగింపు కొంచెం చప్పగానే అనిపించింది.

నన్ను పట్టి కూర్చోబెట్టింది మరునాటి బల్ల. ఆదివారం ఆ గుడి ముందు వీధిలో బండ్లు ఆపేసి బల్లలు వేస్తారు. ఎవరైనా కూర్చుని తామర దీపం చేసుకోవచ్చు. పలచటి గులాబీరంగు కాగితపు రేకులు గుట్టగా పోసి ఉన్నాయి. రేకు కొసను రెండు వేళ్ళ మధ్య పెట్టి మెలిపెడితే మొన వస్తుంది. రెండో కొసకు జిగురు. పై వరుసతో మొదలుపెట్టి, రెండు రేకుల సందున మరో రేకు వచ్చేలా అంటించుకుంటూ కిందికి దిగాలి. అన్నిటికన్నా కింద ఆకుపచ్చ ఆకులు.

మనవరాలు మెలిపెట్టిన ప్రతి రేకూ చిరుగుతోంది. మనవడికి ముక్కు మీద కూడా జిగురే. నేనొకటి తీసుకుని మెలిపెట్టాను. సూదిమొనలా వచ్చింది. ఇంకొకటి, మరొకటి. నేర్పే ఆమెది నా ఈడే. నా వేళ్ళ వంక చూసి నవ్వి, రేకుల గుట్టను నా ముందుకు తోసింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు.

"నానమ్మా, నీకెట్ల వస్తుంది? ఎప్పుడు నేర్చుకున్నవ్?"

"పువ్వొత్తి గదనే ఇది!"

"పువ్వొత్తి అంటే?"

అక్కడ ఆగిపోయాను. చేవెళ్ళలో పుట్టి పెరుగుతున్న పిల్ల. చుట్టూ బంతి, చామంతి తోటలు, పత్తి చేలు. దానికి వత్తి అంటే కొట్లో దొరికే పాకెట్. తప్పు దానిది కాదు. ఏటా కార్తీకంలో "దూరం జరుగు, గౌను అంటుకుంటది" అని తరిమింది నేనే. వత్తులు చేసే ఓపిక లేక పాకెట్ తెప్పించిందీ నేనే.

పువ్వొత్తి చేయడం చెప్తే చిన్న పని. గింజ తీసిన పత్తిని వేళ్ళతో ఏకి, రూపాయి బిళ్ళంత గుండ్రంగా పరిచి, నడుమ ఇంకొంచెం పత్తి పెట్టి, అంచులన్నీ దగ్గరికి తెచ్చి కొసను మెలిపెట్టాలి. వేలు జారకుండా కొంచెం విభూతి అద్దుకుంటాం. గట్టిగా తిప్పితే నూనె పైకి ఎక్కదు, వదులుగా తిప్పితే కొస విడిపోతుంది. ఎంత తిప్పాలో నోటితో చెప్పలేం, వేలికే తెలియాలి.

జోగ్యేసా గుడి ఆవరణలో తలెత్తితే ఆకాశం కనపడకుండా దీపాలే. ఒక్కోదానికి పేరు రాసిన చీటీ వేలాడుతోంది. ఒక పక్క అన్నీ తెల్లవి. అవి పోయినవాళ్ళ పేరు మీదట. మన శివాలయాల్లో ధ్వజస్తంభం మీదికి తాడుతో లాగే ఆకాశదీపం పితృదేవతలకు దారి చూపిస్తుందంటారు కదా, అదే గుర్తొచ్చింది. కొరియా బౌద్ధులు చెప్పుకునే ఒక బీదరాలి కథ మా బిడ్డ చెప్పింది. రాజులు వేల దీపాలు పెడితే ఆమె ఉన్న ఒక్క నాణెం పెట్టి నూనె కొని ఒకటే దీపం పెట్టిందట. తెల్లారేసరికి అన్నీ ఆరిపోయినా ఆమెది ఆరలేదు. వింటుంటే మన పోలి కళ్ళముందు నిలబడింది. అత్త నదికి తీసుకుపోకుండా ఇంట్లో వదిలేస్తే, పత్తిచెట్టు కింద రాలిన పత్తితో వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్న రాసి, ఎవరి కంటా పడకుండా బుట్ట బోర్లించి దీపం పెట్టుకున్న చిన్నకోడలు. ఆ కథ చదివి పోలి పాడ్యమి నాడు అరటి దొప్పల్లో దీపాలు వదులుతాం. దొప్పలో వత్తి మాత్రం పాకెట్‌లోది.

ఇక 108 బాకీ. కార్తీకంలో తీర్చాం. చిలుకూరులో హుండీ లేదు, లెక్క రాసుకునే కాగితం ఉంది. ఒక్కో చుట్టుకు ఒక్కో అంకె కొట్టేసుకుంటూ తిరగాలి. సియోల్ గుడుల్లో 108 సార్లు సాష్టాంగపడతారని మేనత్త చెప్పింది గుర్తుపెట్టుకుని, "మనది నయం, నడిస్తే చాలు" అన్నాడు మనవడు. అరవై దాటాక నా భుజమెక్కాడు.

ఆ ముందు రోజు రాత్రి మా వసారాలో పత్తి పోసుకుని ముగ్గురం కూర్చున్నాం. పౌర్ణమికి 365 వత్తులు కావాలి. మనవరాలు చేసినవి 41, మనవడివి ఆరు, అందులో రెండు వెలగలేదు. నేను 100 దాకా చేసి నడుం వాల్చాను. మిగతావి పాకెట్‌లోవే, అబద్ధమెందుకు? మరునాడు చిలుకూరులో వాళ్ళ వత్తుల్ని వాళ్ళే వెలిగించారు. ఉస్మాన్‌సాగర్ మీంచి వచ్చే గాలికి అగ్గిపుల్లలు సగం డబ్బా ఖర్చయ్యాయి. నేను దూరం జరగమనలేదు, పక్కన నీళ్ళ చెంబు పెట్టుకుని కూర్చున్నాను.

కార్తీకంలో మా మొయినాబాద్, చేవెళ్ళ తోవలో పత్తి ఏరుతుంటారు. చిలుకూరు గుడికి వచ్చేవాళ్ళు చేను దగ్గర బండి ఆపి పిడికెడు గింజపత్తి అడగండి, ఎవరూ కాదనరు. గింజలు తీసే పని పిల్లలకివ్వండి.