రీసెట్ కొడితే లేవని చిప్పు

హైటెక్ సిటీ అనగానే సాఫ్ట్‌వేరే గుర్తొస్తుంది. కానీ రాయదుర్గంలో టీ-హబ్ పక్కనే 2023 మార్చి 2న ప్రారంభమైన టీ-వర్క్స్‌లో 78,000 చదరపు అడుగుల చోటు వస్తువులు తయారుచేసేవాళ్లకే కేటాయించారు. బోర్డుల జబ్బు పట్టుకునే హార్డ్‌వేర్ ఇంజినీర్ల పనితనం విలువ అలాంటి చోట తెలుస్తుంది.

ఈఎస్‌పీ32 చిప్పునే తీసుకోండి. కరెంటు ఇవ్వగానే చక్కగా నడుస్తుంది. ఒక్కోసారి రీసెట్ బటన్ నొక్కితే మాత్రం ఇక లేవదు. కొత్తవాళ్లు ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతారు. చేయి తిరిగినవాళ్లు ముందు మల్టీమీటర్ అందుకుని, 3.3 వోల్టులు నిలకడగా ఉన్నాయా, రీసెట్ పిన్ మళ్లీ పైకి వచ్చిందా అని చూస్తారు. అవి బాగుంటే దృష్టి 12వ జీపీఐఓ పిన్ మీదికి మళ్లుతుంది.

రీసెట్ వదిలిన క్షణంలో ఆ చిప్పు స్ట్రాపింగ్ పిన్నులనే కొన్ని పిన్నుల స్థితిని చదువుకుంటుంది. 12వ పిన్ హై అయితే ఫ్లాష్ మెమరీకి 1.8 వోల్టులు చాలనుకుంటుంది. 3.3 వోల్టుల ఫ్లాష్‌కు అది సరిపోదు, ప్రోగ్రామ్ మొదలే కాదు.

మరి మొదటిసారి ఎలా నడిచింది? అప్పటికి ఆ పిన్నుకు కలిపిన సెన్సర్ ఇంకా మేల్కోలేదు. రీసెట్ బటన్ చిప్పునే ఆపుతుంది, సెన్సర్‌ను కాదు. సెన్సర్ అప్పటికే మేల్కొని ఆ పిన్ను తీగను హైలోనే పట్టుకుని ఉంటుంది. ఆసిల్లోస్కోప్ తెరపై ఈ తేడాను పసిగట్టడం నిజమైన విద్య!

ఎంబెడెడ్ నేర్చుకుంటున్న విద్యార్థులారా, సర్క్యూట్ గీసే ముందు డేటాషీట్‌లో స్ట్రాపింగ్ పిన్నుల పట్టిక తప్పక చదవండి.