మఖమలు మీది పండ్లబుట్ట: ‘జానపదం’ ఎవరు పెట్టిన పేరు?

పాతకాలపు కళావస్తువులను సేకరించేవారు వాటిని భద్రపరచడంతో ఆగరు. వాటికి ఒక పేరు కూడా పెడతారు. ఆ పేరు సరైనదో కాదో తేల్చవలసిన బాధ్యత విమర్శకులది. 1820-40 మధ్య అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో తెల్లని నూలు మఖమలు మీద విరివిగా వేసిన పండ్లబుట్టల, పూలపాత్రల చిత్రాలనే తీసుకుందాం. ఇవాళ వీటిని ‘జానపద కళ’గా కొంటున్నారు, ప్రదర్శిస్తున్నారు. ఆ మాటను నేను యథాతథంగా అంగీకరించలేను.

వీటిని వేసినవారిలో ఎక్కువమంది బాలికల ప్రైవేటు పాఠశాలల్లో చదువుకున్న, కొంత కలిగిన కుటుంబాల అమ్మాయిలు. మామూలు ఫీజుకు తోడు అదనపు రుసుము కట్టి నేర్చుకున్న విద్య ఇది. 1830లో న్యూయార్కులో వెలువడిన మాథ్యూ ఫిన్ పుస్తకం దీన్ని ఆరు పాఠాల్లో నేర్పుతానని పేరులోనే చెప్పుకుంది. అంటే పల్లె జనం తరతరాలుగా ఒకరి చేతిమీదుగా ఒకరు అందుకున్న సంప్రదాయం కాదు; నిర్దిష్టమైన పాఠ్యక్రమం.

పద్ధతి చూడండి. నూనె పట్టించి గట్టిపరచిన కాగితాల మీద ఆకులు, పండ్లు, బుట్ట అల్లిక ఆకారాలను కత్తిరిస్తారు. ఒకదానికొకటి ఆనుకునే ఆకారాలు వేరువేరు కాగితాల మీద ఉంటాయి. ఈ కాగితాలనే ‘థీరమ్’ అనేవారు. పొట్టి కుచ్చు కుంచెతో, దాదాపు ఆరిన రంగును అంచునుంచి లోపలికి రుద్దుతారు. అంచు చిక్కగా, నడిమి పలచగా తేలి పండుకు గుండ్రదనం వస్తుంది.

దాదాపు వందేళ్ల తరవాత ఆధునిక చిత్రకళాభిమానులు వీటిని కొత్తగా ‘కనుగొన్నారు’. 1931లో ఎడిత్ హాల్పర్ట్ న్యూయార్కులో జానపద కళ గ్యాలరీ తెరిచింది. 1932లో అక్కడి ఆధునిక కళా మ్యూజియం జరిపిన ప్రదర్శన తన పేరులోనే ‘సామాన్యుని కళ’ అని చాటుకుంది. స్ఫుటమైన అంచులు, లోతులేని బల్ల, నీడలేని బుట్ట వారికి అమాయక దృష్టికి గుర్తులుగా తోచాయి. నిజానికి అవి చాలావరకు కత్తిరించిన కాగితం విధించిన హద్దులు. పద్ధతిని అమాయకత్వంగా చదవడం విమర్శ కాదు, కొనుగోలుదారు మురిపెం.

పేర్ల సంగతీ ఇంతే. చాలా చిత్రాల మీద సంతకం లేదు. 1932 ప్రదర్శనలోని వస్తువులను దాదాపు అన్నిటినీ ఇచ్చిన ఆబీ ఆల్డ్రిచ్ రాక్‌ఫెల్లర్ కూడా అప్పుడు తన పేరు ప్రకటించలేదు. కాని 1957లో విలియమ్స్‌బర్గ్‌లో తెరిచిన జానపద కళా మ్యూజియం ఆమె పేరుతోనే వెలిసింది. సేకర్త అజ్ఞాతం ఒక ఎంపిక. ఆ అమ్మాయిల అజ్ఞాతానికి అటువంటి ముగింపు లేదు.

అయితే మూస నుంచి పుట్టాయి గనుక వీటికి విలువ లేదని తీర్పు చెప్పేవారితోనూ నేను ఏకీభవించను. మూస ఆకారాన్ని ఇస్తుంది. రంగు ఎక్కడ ఆపాలో చెయ్యే నిర్ణయించాలి. ద్రాక్షతీగ నులి, ఆకు ఈనె, కాడ వంపు చాలాచోట్ల సన్నని కుంచెతో స్వయంగా గీసినవే. ఒకే నమూనాతో వేసిన రెండు బుట్టలను పక్కపక్కన పెడితే ఈ తేడా తెలుస్తుంది. ఒకే ఛందస్సులో ఇద్దరు రాసిన పద్యాలను పోల్చే మనకు ఈ పరీక్ష కొత్తది కాదు. ఏకైక ప్రతిని కోరే సేకర్త ఈ పోలిక చేయకపోవచ్చు. విమర్శకుడు మాత్రం అక్కడినుంచే మొదలుపెట్టాలి.